కుంభకర్ణుని అపకీర్తి

పదునాలుగేండ్ల క్రిందట నా తరగతిలోని యొక బాలునకు నేను కుంభకర్ణుడని పేరు పెట్టితిని. ఎనిమిదవ తరగతి చదువుచుండెడివాడు. మొదటి గంటలోనే వాని తల వాలిపోయెడిది; మధ్యాహ్న భోజనానంతరపు సంగతి చెప్పనక్కరలేదు. నోరు తెరచుకొని నిద్రించుట, ఒక్కసారిగా ఉలికిపడి లేచి దిక్కులు చూచుట, బెంచీమీద నిలువబెట్టినను గోడ కానుకొని నిలుచుండియే కునుకుట, ఇవి చూచి పిల్లలు నవ్వుచుండిరి. నేనును నవ్వితిని. నవ్వువలన ఫలము కానరాకపోగా స్కేలుతో చేతులమీద కొట్టితిని. పిల్లలను కొట్టరాదని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము శాసించియేయుండెను. ఎరుగక చేసితినని చెప్పుకొనుటకు నాకు వీలులేదు. విద్యార్థి కుక్కవలె నిద్రింపవలెనని చెప్పెడి సుభాషితమును నల్లబల్లమీద వ్రాసి, వానిచేతనే పైకి చదివించితిని. నేను సంస్కృతము చదువుకొన్నందుకు అదియొక ప్రయోజనము!

ఒకనాడు వాని తల్లి బడికి వచ్చినది. కూలిపనికి పోవుచు దారిలో ఆగినది. గుమ్మముకడ నిలుచుండి, “మాస్టారూ, వాడు రాత్రిళ్ళు పడుకుంటాడు గాని నిద్రపోడండీ. గురక పెడతా పెడతా ఉన్నట్టుండి ఊపిరాగిపోతుంది. నేను పక్కన కూచుని లెక్కపెట్టుకుంటా ఉంటాను. ఒక్కోసారి ఇరవై దాకా లెక్కపెడితే గాని మళ్ళీ ఊపిరి రాదు. వాణ్ణి కొట్టమాకండి,” అని చెప్పినది. ఇట్లు ఎన్నాళ్లనుండి అని అడిగితిని. “రెండేళ్ళయిందండీ” అనెను. రెండేండ్లనుండి ఆ తల్లియు నిద్రపోలేదన్నమాట.

పట్టణములోని వైద్యుడొకడు వాని గొంతు చూచి, టాన్సిల్సును, ముక్కు వెనుకనుండు అడినాయిడ్సును మిక్కిలి పెరిగి ఊపిరిత్రోవను మూసివేయుచున్నవని చెప్పి, శస్త్రచికిత్స చేసి వానిని తీసివేసెను. మూడు నెలలకు బాలుడు తరగతిలో నిద్ర మానెను. అటుపిమ్మట లెక్కలలో మొదటివాడయ్యెనని వ్రాయగలిగిన బాగుండెడిది, కాలేదు. లెక్కలు వానికి అప్పుడును రాలేదు. కాని మెలకువగా నుండి తప్పులు చేసెను. అట్టి తప్పులను దిద్దుట ఉపాధ్యాయునికి సాధ్యమైన పని.

నేను వానియెడ చేసినది నా యొక్కని తెలివితక్కువయే యని మొదట అనుకొంటిని. తరువాత నిద్రను గూర్చి చదువ మొదలిడగా నది చాల పురాతనమైన పొరపాటని తెలిసినది. మనుష్యుడు పగలు తూగుచుండిన దానిని గుణదోషముగా నెంచి నవ్వుట, నిందించుట, దండించుట అన్ని దేశములందును జరిగినది. అది రోగము కావచ్చునని తోచుటకు మాత్రము వేల యేండ్లు పట్టినది. ఆ చరిత్రయే యీ వ్యాసమునకు విషయము.

నేను పేరు పెట్టితిని గనుక ముందుగా కుంభకర్ణుని మాటయే తీసికొందము. మన భాషలో కుంభకర్ణుడనగా సోమరి. వాల్మీకి రామాయణమున మాత్ర మాతడు సోమరి కాడు. యుద్ధకాండమున చెప్పబడిన కథలో, పుట్టినదాది ప్రాణికోటిని భక్షించుచుండగా బ్రహ్మ యాతనిని నిద్రపొమ్మని శపించెను. రావణుడు తమ్ముని పక్షమున వేడుకొనగా నా శాపము ఆరు నెలల నిద్రగను, ఒకనాటి మెలకువగను తగ్గెను. ఉత్తరకాండమున మరియొక కథ కలదు: వరము కోరుకొను సమయమున సరస్వతి యాతని నాలుకపై నిలిచి, అతనిచేత నిద్రనే కోరింపజేసెను. శాపమైనను, మోసపోయి కోరిన వరమైనను, నిద్ర యాతనికి బయటినుండి వచ్చి పడినదే గాని యాతని స్వభావమునుండి పుట్టినది కాదు. మెలకువ వచ్చినంతనే యాతడు చేసిన మొదటి పనులలో నొకటి అన్నకు నీతి చెప్పుట. పరస్త్రీని తెచ్చుట తప్పని కొలువులో మొగమోటము లేక చెప్పి, చెప్పినది వినకపోయినను అన్నకొరకు పోరి చచ్చెను. ఇట్టివానిని సోమరితనమునకు గురుతుగా వాడుకొనుట మన భాష చేసిన అన్యాయము.

కుంభకర్ణుని లేపెడి ఘట్టమును నేను బాల్యమున హాస్యముగా చదివితిని. పర్వతమువంటి దేహము, గుహలోనికి పోవు రాక్షసులను తూలించెడి నిశ్శ్వాసము, భేరులు మ్రోయించినను, ఏనుగులను మీద నడిపించినను చెదరని మత్తు, లేచినంతనే మాంసపు రాసులు. ఇప్పుడు చదివినప్పుడు, కవి స్థూలకాయులు నిద్రించు విధమును స్వయముగా చూచి, దానిని రాక్షస ప్రమాణమునకు పెంచి వ్రాసెనేమో యని సందేహము కలుగుచున్నది. ఇది నా యూహయే. రామాయణము వైద్యగ్రంథము కాదు.

మన స్త్రీలు పాడుకొనెడి ఊర్మిళాదేవి నిద్ర పాట ఈ విషయమున ఇంకను సూక్ష్మమైనది. వాల్మీకమున లేని యీ కథలో లక్ష్మణుడు పదునాలుగేండ్లు కన్ను మూయక అన్నను కాచెను. అతని పాలి నిద్రయంతయు ఊర్మిళ పోయెను. నిద్ర మానినంతమాత్రమున మాయమైపోదనియు, అది అప్పువంటిదనియు, ఎవరో యొకరు దానిని తీర్చవలసినదేననియు ఈ పాటను కట్టిన యిల్లాండ్రకు తెలియును. రాత్రులు పిల్లలను, రోగులను, ముసలివారిని కనిపెట్టుకొని కూర్చుండువారు ఎవరో తలచుకొన్నచో నీ జ్ఞానము వారికే ముందుగా కలుగుట ఆశ్చర్యము కాదు.

మన వైద్యులు వెనుకబడియుండిరా యనిన, లేదు. చరకసంహిత సూత్రస్థానము పదునొకండవ అధ్యాయమున శరీరమును నిలుపు మూడు ఊతకంబములలో ఆహారముతో పాటు నిద్రయు చెప్పబడినది. ఇరువదియొకటవ అధ్యాయము ఇంకను విచిత్రము. అది అతిస్థూలుని, అతికృశుని గూర్చిన యధ్యాయము. నిద్రనుగూర్చిన విచారణ ప్రత్యేకముగా నుండక యందే చేరియున్నది. సుఖదుఃఖములు, పుష్టి, బలము, జ్ఞానము, తుదకు జీవితమే నిద్రనాశ్రయించి యున్నవని యందు చెప్పబడినది. గ్రీష్మకాలమున పగటినిద్ర అందరికిని మేలనియు, పాటచేత, చదువుచేత, బరువు మోయుటచేత, దారి నడుచుటచేత అలసినవారు ఏ కాలమందైనను పగలు నిద్రింపవచ్చుననియు, మేదస్సు పెరిగినవారు మాత్రము పగలు నిద్రింపరాదనియు విధించినాడు. చదువువలన అలసినవానికి పగటినిద్ర యిచ్చిన ఆ యాచార్యుడు మా పాఠశాలల తనిఖీకి రాకుండుట మా యదృష్టము.

చరకుని విభాగములో నాకు ముఖ్యముగా తోచినది వేరొకటి. నిద్ర ఆరు విధములని యాతడు చెప్పెను. తమస్సువలన కలుగునది యొకటి, కఫమువలన నొకటి, మనశ్శరీరముల శ్రమవలన నొకటి, కారణము తెలియక వచ్చి పడునది యొకటి, వ్యాధిని వెన్నంటి వచ్చునది యొకటి, రాత్రి స్వభావముచేత కలుగునది యొకటి. ఈ కడపటిదానినే ప్రాణులను పోషించు తల్లిగా పొగడెను. పాపమునకు మూలమని యాతడు నిందించినది తమస్సువలన కలుగునదానిని మాత్రమే. ఇట్లు విభజించి చెప్పిన శాస్త్రము మన యింటనే యుండగా, మన బడులలో నిలిచినది ఆరింటిలో మొదటి యొక్కటియే. ఎవడు తూగినను తమోగుణమే! వ్యాధిని వెన్నంటి వచ్చు నిద్రను మనము మరచితిమి. శాస్త్రము చదువుటకును, చదివినదానిని బెంచీమీది బాలునకు వర్తింపజేయుటకును నడుమనుండు దూరము నాకు స్వానుభవముచే తెలియును.

పాశ్చాత్య దేశములందును కథ యిట్లే నడిచినది. నల్లసముద్ర తీరమున హెరాక్లియా యను గ్రీకు నగరమును క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున పాలించిన డయొనీసియస్ అను ప్రభువు మితిమీరిన స్థూలకాయుడు. ఊపిరి సలుపక, గాఢనిద్రలో మునిగినప్పుడు లేవనేలేకపోగా, వైద్యులు పొడవైన సన్నని సూదులు చేయించి ప్రక్కలయందు గ్రుచ్చవలెనని చెప్పిరట. సూది క్రొవ్వును దాటి స్పర్శ తెలియు మాంసమును తాకినప్పుడు గాని యాతడు మేలుకొనెడివాడు కాడు. కొలువులో తన దేహము కనబడకుండ ముందొక పెట్టె నుంచుకొని, ముఖము మాత్రము కానవచ్చునట్లు కూర్చుండెడివాడు. ఈ వృత్తాంతమును తరువాత నెంతో కాలమునకు అథినేయసు అను గ్రంథకర్త తన విందు ముచ్చటల గ్రంథమున చేర్చెను. చేర్చినది తిండిబోతుతనమునకు ఉదాహరణముగానే. ఆ సూదుల సంగతి మాత్రము నన్ను వదలలేదు. ఆ వైద్యులు క్రూరులు కారు. ప్రభువు నిద్రలోనే పోవునని భయపడినవారు. మా బాలుని తల్లి అంకెలు లెక్కపెట్టినట్లే వారు సూదులు గ్రుచ్చిరి.

మధ్యయుగపు క్రైస్తవులు సోమరితనమును ఏడు మహాపాపములలో చేర్చిరి. యంత్రయుగము వచ్చినపిమ్మట ఆ పాపమునకు శిక్ష విధించు నధికారము మేస్త్రీల చేతికి వచ్చెను. ఇంగ్లండులోని నూలు మిల్లులలో పనిచేయు పిల్లలను గూర్చి 1832లో పార్లమెంటు సంఘము విచారించినప్పుడు, సాయంకాలమగునప్పటికి కునుకు పట్టిన పిల్లలను తోలుపట్టెలతో కొట్టి మేల్కొలుపుచుండిరని సాక్షులు చెప్పిరి. మరుసటి యేటి చట్టము పదునెనిమిదేండ్లలోపు వారికి ఆ మిల్లులలో రాత్రిపనిని నిషేధించినది. నిద్రను కాపాడుటకు చట్టము కావలసివచ్చిన కాలమది.

అటుపిమ్మట మూడేండ్లకు, 1836లో, చార్లెస్ డికెన్సు పిక్విక్ పేపర్సు అను నవలను నెలనెలకు భాగములుగా ప్రకటింప మొదలిడెను. అందు వార్డిల్ అను పెద్దమనిషి యింట జో యను లావుపాటి కుఱ్ఱ సేవకుడు కలడు. వాడెప్పుడును నిద్రించుచుండును. సైనికుల విన్యాసములో ఫిరంగులు మ్రోగుచుండగా బండిమీద కూర్చుండి నిద్రించును. తలుపు తట్టి, అది తెరచులోపల నిలుచుండియే నిద్రించును. ఆహారము వాసన తగిలిన లేచును. యజమానుడు కేకవేసి లేపవలసినదే. పాఠకలోకము కడుపు చెక్కలగునట్లు నవ్వినది. ఇంటరు చదువునప్పుడు నేనును నవ్వితిని. జోను నీరుపట్టినవాడని మరియొక పాత్ర హేళన చేయును. ఆ హేళనను తరువాతి వైద్యులు గుండె బలహీనతకు గురుతుగా చదువుకొనిరి. డికెన్సునకు రోగము తెలియదు. కాని యాతడు మనుష్యులను చూచెడి విధమెట్టిదనగా, కారణము తెలియకున్నను లక్షణములలో నొక్కటియు జారవిడువలేదు.

నిద్రమత్తును రోగముగా నెంచి దానికి పేరు పెట్టిన తొలి వైద్యులలో ఫ్రాన్సు దేశపు జెలీనో ముఖ్యుడు. 1880లో ఆయన వర్ణించిన రోగి ద్రాక్షసారాయి పీపాలు అమ్ముకొను వర్తకుడు. దినమునకు రెండువందల పర్యాయములవరకు నిద్ర వచ్చి పడెడిది. నవ్వు వచ్చినయెడల కాళ్లలో బలము పోయి కూలెడివాడు. జెలీనో దీనికి నార్కోలెప్సీ యని పేరిడెను. మెదడులో మెలకువను నిలుపు ఒక రసాయనము 1998లో కనుగొనబడి, ఈ రోగుల మెదడులో నది దాదాపు లేదని 2000లో తేలువరకు, ఇట్టివారిని బద్ధకస్తులనియో, పిచ్చివారనియో, తాగుబోతులనియో లోకము పిలుచుచునేయుండెను.

నన్ను మిక్కిలి సిగ్గుపరచిన సంవత్సరము 1889. ఆ యేట లండను వైద్యుడు విలియం హిల్ బ్రిటిష్ మెడికల్ జర్నలులో నొక వ్యాసము ప్రకటించెను. బడిపిల్లలలో వెనుకబాటుతనమునకును, మందబుద్ధికిని కొన్ని కారణములను గూర్చినది ఆ వ్యాసము. ముక్కు వెనుకనుండు గ్రంథులు పెరిగి, నోటితో ఊపిరి పీల్చుచు, రాత్రి గురక పెట్టుచు, పగలు మందముగా నుండు పిల్లలనుగూర్చి యాయన చెప్పెను. మూడేండ్లకు విలియం ఆస్లరు తన సుప్రసిద్ధ వైద్యగ్రంథమునందును ఇట్టి పిల్లల ముఖమును, గురకను, ఊపిరాడని నిద్రను వర్ణించెను. అనగా నేను స్కేలు నెత్తుటకు నూట ఇరువదియేండ్ల ముందే ఈ సంగతి అచ్చులో నున్నది. ఉపాధ్యాయ శిక్షణలో నాకు మనస్తత్వశాస్త్రము చెప్పిరి, బోధనపద్ధతులు చెప్పిరి. గురక పెట్టు బాలునిగూర్చి ఎవ్వరును చెప్పలేదు. వైద్యులు వ్రాసినది వైద్యులే చదువుకొనిరి.

నిద్రించువాని లోపల నేమి జరుగుచున్నదో చూచుటకు సాధనము లేకుండుట మరియొక చిక్కు. నిద్రించువాడు తన నిద్రకు సాక్షి కాలేడు గదా! జర్మనీలో హాన్స్ బెర్గరు మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను కాగితముమీద గీయించి 1929లో ప్రకటించిన పిమ్మట ఈ చీకటి కొంత తొలగినది. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయపు నెథానియల్ క్లైట్‌మన్ తన జీవితమంతయు నిద్రకే యర్పించెను. 1938లో నాయన రిచర్డ్‌సన్ అను శిష్యునితో కెంటకీ రాష్ట్రపు మామత్ గుహలో, సూర్యుడు కానరాని చోట, ముప్పదిరెండు దినములు వసించి, దినమునకు ఇరువదియెనిమిది గంటలుగా నడువ ప్రయత్నించెను. యువకుడైన శిష్యుని దేహము ఆ క్రొత్త దినమునకు అలవాటుపడినది. నలువదిమూడేండ్ల గురువు దేహము పడలేదు. ఆ వయస్సువాడనగుటచేత గురువునందే నాకు సానుభూతి యెక్కువ. 1953లో క్లైట్‌మనుని మరియొక శిష్యుడు అసెరిన్‌స్కీ గురువుతో గలసి, నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు నొక దశ కలదని ప్రకటించెను. మొదట తన యెనిమిదేండ్ల కుమారుని నిద్రపుచ్చి, తంతులు తగిలించి చూచి తెలిసికొన్న సంగతి యిది. నిద్ర ఒక్కటే చీకటి కాదనియు, రాత్రి పొడవునను వంతులవారీగా నడుచు పనియనియు అప్పుడు స్పష్టపడినది.

ఇక జో వద్దకు మరలుదము. 1956లో హార్వర్డు వైద్యుడు బర్వెల్ మొదలగువారు ఒక రోగిని వర్ణించిరి. అతడు యాబదియొక్క యేండ్ల వ్యాపారోద్యోగి, మిక్కిలి స్థూలకాయుడు. ఒకనాటి రాత్రి పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికి వచ్చియు, ముక్కలు పట్టుకొనియే నిద్రపోయి, ఆట పోగొట్టుకొనెను. అంతవరకు లెక్కచేయనివాడు ఆ తరువాత ఆసుపత్రిలో చేరెను! వైద్యులు తమ వ్యాసములో డికెన్సు వ్రాసిన జోను స్మరించి రోగమునకు పిక్విక్ పేరే పెట్టిరి. ఆహారము తగ్గించి బరువు తగ్గింపగా నాతని మత్తు తగ్గినది. కాని కారణమును మాత్రము వారు సరిగా పట్టలేదు. రక్తములో బొగ్గుపులుసు వాయువు హెచ్చుటవలన మత్తు కలుగుచున్నదనుకొనిరి.

1965లో ఫ్రాన్సున మార్సేయిలో గాస్తో మొదలగువారును, జర్మనీలో యుంగ్, కూలో అనువారును, ఒకరితో నొకరికి సంబంధము లేకయే ఇట్టి రోగులను రాత్రియెల్ల తంతులు తగిలించి పరిశీలించిరి. అప్పుడు కనబడినది ఇది. మెలకువలో బిగువుగా నుండు గొంతు కండరములు నిద్రలో సడలును. త్రోవ సహజముగా నిరుకైనదైనచో, క్రొవ్వుచేతనో, పెరిగిన టాన్సిల్సుచేతనో యిరుకైనచో, అది మూసికొనిపోవును. రొమ్ము ఎగసిపడుచునేయుండును గాని గాలి లోపలికి పోదు. రక్తములో ప్రాణవాయువు తగ్గును. మెదడు తుళ్లిపడి, కొన్ని క్షణములు మేలుకొని, గొంతు బిగించి, పెద్ద శబ్దముతో గాలి పీల్చుకొనును. మరల నిద్ర, మరల మూత. తీవ్రమైన రోగమున ఇట్లు రాత్రికి వందల పర్యాయములు జరుగును. ఉదయమున రోగికి వీటిలో నొక్కటియు జ్ఞాపకముండదు. ఎనిమిది గంటలు నిద్రించితినని ప్రమాణము చేసి చెప్పును. ప్రక్కవారికి మాత్రమే తెలియును.

ఇంత తెలిసినను చికిత్స కఠినముగానే యుండెను. 1969లో కూలో మొదలగువారు గొంతులో రంధ్రము చేసి గొట్టము పెట్టిరి. మత్తు వదలినది గాని గొట్టము జీవితాంతము మోయవలసినది. ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన యుపాయము సులభమైనది. ముక్కునకు తొడుగు వేసి, ఒత్తిడితో గాలి నెడతెగక పంపినయెడల ఆ గాలియే లోపల కంబమువలె నిలిచి త్రోవ మూయకుండ చేయును. మొదట చూచినది ఐదుగురు రోగులను. నేడు సీ-పాప్ అను పేర మన పట్టణములలోను అమ్మెడి యంత్రము దీని సంతతియే. గురకను గాఢనిద్రకు, ఆరోగ్యమునకు గురుతుగా నెంచి మురియు కుటుంబములు మనలో నింకను కలవు గనుక చెప్పవలసివచ్చుచున్నది. గురకలన్నియు రోగము కావు. కాని నడుమనడుమ ఊపిరి నిలిచిపోవు గురక, పగటి కునుకు, ఉదయపు తలనొప్పి కలిసియుండినచో అది వైద్యునికి చూపవలసినది. ఉపేక్షించిన రక్తపుపోటు, గుండెజబ్బు దాని వెంట రావచ్చును. మోటారు నడుపువాడైనచో ఇతరుల ప్రాణములకును ముప్పే.

పిల్లల విషయమున 1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు గియ్యెమినో మొదలగువారు ఎనిమిదిమంది బాలబాలికలను వర్ణించిరి. గురక, పగటి నిద్ర, చదువులో వెనుకబడుట, పక్కతడుపుట, తలనొప్పి వారి లక్షణములు. ఉపాధ్యాయులకు మరియొక సంగతి చెప్పవలసియున్నది. పెద్దలవలె పిల్లలందరును తూగరు. నిద్ర చాలని బాలుడు ఒక్కొక్కప్పుడు కుదురు లేక, చిరాకుపడుచు, ప్రక్కవానిని గిల్లుచు నుండును. వానికి మనము పెట్టు పేరు కుంభకర్ణుడు కాదు, కోతి. రెండు పేర్లకును కారణ మొక్కటే కావచ్చును.

ఇంతవరకు చెప్పినది రోగము. రోగమేమియు లేకయే పిల్లల నిద్రను మనము తీసికొనుటయు కలదు. పదుమూడునుండి పదునెనిమిదేండ్లవరకు ఎనిమిదినుండి పది గంటల నిద్ర కావలెనని అమెరికా నిద్రావైద్యుల సంఘము 2016లో చెప్పినది. ఆ వయస్సున దేహపు గడియారమే కొంత వెనుకకు జరుగుననియు, నిద్ర ఆలస్యముగా వచ్చుననియు తెలిసినందున, పెద్ద తరగతుల బడులు ఉదయము ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టరాదని అక్కడి శిశువైద్యుల సంఘము 2014లో కోరినది. మన తెలుగు దేశములో ప్రవేశపరీక్షలకు సిద్ధపరచు వసతి కళాశాలలు పెక్కింట పిల్లలను తెల్లవారక మునుపే లేపి, రాత్రి పదిదాటువరకు కూర్చుండబెట్టుట చూచితిని. అడిగినచో బ్రాహ్మీముహూర్తమని సమాధానము. మా తాతగారును బ్రాహ్మీముహూర్తముననే లేచెడివారు. కాని రాత్రి ఎనిమిది గంటలకు దీపమార్పి పడుకొనెడివారు. మధ్యాహ్నమున అరుగుమీద ఒక కునుకు తీసెడివారు. శాస్త్రములో మనకు కావలసిన సగమునే ఉదహరించు నలవాటు మనకు క్రొత్త కాదు. చదివినది జ్ఞాపకమున స్థిరపడునది నిద్రలోనే యని నేడు పరిశోధకులు చెప్పుచుండగా, జ్ఞాపకము కొరకే నిద్రను కోయుట యెట్టి వ్యవసాయమో ఆ యజమానులే చెప్పవలెను.

తల్లిదండ్రులకు నా మాట రుచింపదు. మీ వాడు తొమ్మిదిన్నరకు పడుకొనవలెనని చెప్పినచో, ప్రక్కింటివాడు పన్నెండువరకు చదువుచున్నాడండీ యందురు. ప్రక్కింటివారిని అడిగితిని, వారును అదే మాట చెప్పిరి.

ఈ యేట నా తరగతిలో ముగ్గురు పిల్లలు నిద్రపోవుచున్నారు. ఇప్పుడు నేను పేర్లు పెట్టుట మానితిని, అడుగుట నేర్చుకొంటిని. ఒకడు నాలుగు గంటలకు లేచి తండ్రితో పాటు పాలపొట్లములు పంచి బడికి వచ్చుచున్నాడు. మధ్యాహ్నపు విరామమున వానిని గ్రంథాలయపు గదిలో అరగంట పడుకొననిచ్చుటకు ప్రధానోపాధ్యాయులను ఒప్పించితిని. వారు సగము మనస్సుతో ఒప్పుకొనిరి. రెండవవాని నిద్ర చేతిలోని ఫోనులో పోవుచున్నది. వాని తండ్రి దానిని రాత్రి తొమ్మిదింటికి తీసికొనెదనని మాట యిచ్చెను గాని, ఆయన ఫోను తగ్గించునట్లు తోచదు. మూడవది బాలిక. చక్కగా చదువుకొన్న పిల్ల, ఆరు నెలలనుండి మొదటి గంటలోనే తల వాల్చుచున్నది. రాత్రి గురక పెట్టుదువా యని అడిగిన సిగ్గుపడి నవ్వినది. ఆడపిల్లను అట్లడుగరాదని తోటి యుపాధ్యాయిని నన్ను మందలించెను. సోమవారము నాడు తల్లిని రమ్మని కబురు పంపితిమి.